నాలుగో గిన్నె

మొన్న ఆదివారం టీవీలో వంటల పోటీ చూస్తుంటే, ఒక మొగుడికి కళ్ళకు గంతలు కట్టి, ముందు ఐదు గిన్నెలు పెట్టి, ఇందులో నీ భార్య చేసిన కూర ఏదో చెప్పమన్నారు. వాడు అన్నీ రుచి చూసి, ఎవరో పరాయి ఆవిడ చేసినదాన్ని నా భార్యదే అన్నాడు. ఇక ఆ కాపురం ఏమవుతుందోనని నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఏమీ కాలేదు. ఆ పిల్ల పకపకా నవ్వి వాడి వీపు మీద ఒక్కటి వేసింది, తీర్పరులు ముగ్గురూ లేచి చప్పట్లు కొట్టారు, ఓడినందుకు వాడి చేతిలో ఒక మిక్సీ పెట్టి మరీ పంపారు. మా ఆవిడ మాత్రం కోడలి వైపు తిరిగి, "మీ మామగారికి ఈ గంతలూ గొడవా అక్కర్లేదమ్మాయ్, పేరు లేని గిన్నెలోనే నా చెయ్యి పట్టేశారు ఆ రోజుల్లో" అంది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. విన్నప్పుడల్లా నేను మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళిపోతాను.

నా ఈడువాళ్ళకు నా బాధ తెలుస్తుందని రాస్తున్నాను. ఈ వయసులో కాలక్షేపం టీవీయే, అబద్ధమెందుకు, నాకు ఇష్టమే. ఆమెకు వంటల పోటీలు, నాకు మనవరాలు అలవాటు చేసిన ఆఫీసు హాస్యాలు. అయితే చూసినకొద్దీ అయోమయం. ఆ ఆఫీసులో ఒక్కడూ పని చేయడు, మేనేజరు ఒట్టి వెర్రిబాగులవాడు, జీతాలు ఎవరిస్తున్నారో, ఎందుకిస్తున్నారో తెలియదు. నేను పనిచేసిన, పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో కాటా దగ్గర ఒక్క పత్తి లారీ గంటసేపు ఆగితే గేటు అవతలికి కేకలు వినపడేవి, వీళ్ళేమో కాగితం ఉండలు విసురుకుంటారు. అయినా నవ్వొస్తుంది, ఎందుకొస్తుందో తెలియదు. అన్నిటికంటే అంతుపట్టనిది ఇంకొకటుంది. ఆ ఆఫీసులో ఒకడు మేనేజరుకు ఒక మాట చెప్పి, పక్కగదిలోకి వెళ్ళి కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని, అసలు మాట మనకు చెబుతాడు. వంటల పోటీలోనూ అంతే, ఏడ్చేది ఒకచోట, ఎందుకేడ్చారో చెప్పేది మరొకచోట. కట్టుకున్నదానికి చెప్పని మాట ఊరందరికీ ఎలా చెబుతారని మనవరాలిని నిలదీస్తే, "అదే కదా తాతయ్యా సరదా" అంది. సరదా అట! సరే, నేనూ చెబుతాను, వినండి.

అప్పట్లో గుంటూరు దగ్గర ఆ జిన్నింగు మిల్లులో నేను పత్తి చూసే గుమాస్తాని. చదువు ఐదో తరగతితో సరి, మిగతాదంతా సరుకులు కట్టుకొచ్చిన పాత పత్రికలు చదివి నేర్చుకున్నదే. కానీ చిటికెడు దూది బొటనవేళ్ళ మధ్య పట్టి లాగితే పింజ పొడవెంతో చెప్పేవాణ్ణి, కళ్ళు మూసుకుని ఇది దర్శి వైపుదో, మన నల్లరేగడిదో తేల్చేవాణ్ణి. మా సొంత మేనమామ పత్తి తెచ్చినా నాసిరకమైతే నాసిరకమనే రాశాను, ఆ కోపంతో ఆయన మా గడప తొక్కడమే మానేశాడు. ఆ మంచిపేరే నా కొంప ముంచింది. మిల్లు వార్షికోత్సవానికి సిబ్బంది ఇళ్ళలో ఆడవాళ్ళకు పండుమిరప పచ్చడి పోటీ పెట్టి, పత్తిని వేళ్ళతో పట్టినవాడు పచ్చడిని నాలుకతో పట్టలేడా అంటూ నన్ను తీర్పరిగా కూర్చోబెట్టారు. గిన్నెల మీద పేర్లు లేవు, అంకెలే. మా ఆవిడ కూడా ఒక గిన్నె పంపిందని మాత్రం తెలుసు.

నాలుగో గిన్నెలోది నాలుక మీద పెట్టుకోగానే పోల్చుకున్నాను. అదే వెల్లుల్లి ఘాటు, అదే మెంతి చేదు, అచ్చం మా అమ్మ కొలత. మా ఇంట్లో వంటింటి పెత్తనం అమ్మదే, కాపురానికొచ్చిన నాటి నుంచీ మా ఆవిడ అత్తగారు చెప్పినట్టే కలిపేది. కాబట్టి ఇది మా ఇంటిదేనని నిశ్చయించుకుని, నలుగురూ ఏమంటారోనని, నా నిజాయితీకి మచ్చ రాకూడదని, అంత మంచి పచ్చడినీ తీసుకెళ్ళి అన్నిటికంటే అడుగున పెట్టాను. మొదటి బహుమతి ఏడో గిన్నెకిచ్చాను. కారం నెమ్మదిగా వచ్చి, వెనకాలే చింతపండు పులుపు తగిలి, చివర్న ఎక్కడో బెల్లం జాడ. ఎవరో గానీ ఈ మహాతల్లి చేతికి దణ్ణం పెట్టాలని మైకులో అన్నాను కూడా.

పేర్లు చదివారు. ఏడో గిన్నె మా ఆవిడది. జీవితంలో మొదటిసారి అత్తగారి కొలత పక్కనపెట్టి, పొన్నూరులో తన పుట్టింటి తీరున చేసి పంపిందట. నాలుగోది బేళ్ళు కట్టే మేస్త్రీ భార్యది, ఆవిడ పుట్టిల్లూ మా అమ్మ పుట్టిన ఊరూ ఒకటే.

మిల్లంతా గొల్లున నవ్వింది. కాటా దగ్గర నా జోడీగా పనిచేసేవాడు అందరి ముందూ, "ఏరా, మేనమామకి చూపని దయ పెళ్ళానికి చూపించావే! పోన్లే, రాత్రికి కంచంలో ముద్ద దక్కించుకున్నావు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనా పక్షపాతిని? కాదని చెప్పాలంటే, నా భార్యదనుకునే నాలుగోదాన్ని తొక్కేశానని ఒప్పుకోవాలి. అంకెలు రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మేస్త్రీ భార్య గిన్నె మీద కొంగు కప్పుకుని, ఎవరివంకా చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. ఆవిడకు క్షమాపణ చెప్పుకునే ధైర్యం నాకు ఆ తర్వాతా రాలేదు.

ఇంటికెళ్ళేసరికి, నాకంటే ముందే చేరిన మా ఆవిడ బహుమతిగా వచ్చిన స్టీలు క్యారియరు వైపు కూడా చూడకుండా గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమండీ, ఏనాడూ నా తీరున చేసి మీకు పెట్టనేలేదు కదా, ఎలా పట్టారు?" అంది. అంత వెలుగు ఆమె ముఖంలో నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. నిజం చెప్పాల్సిన క్షణం అదే. నేను చెప్పులు విడవడంలో మునిగిపోయాను. ఆ యేటి నుంచి మా అమ్మ పచ్చడి జాడీ కోడలికే వదిలేసింది, ఇంట్లో పొన్నూరు రుచి మొదలైంది. నేను చేయగలిగిందల్లా నేర్చుకోవడమే. మెంతులు ఎంత నలుపు తిరిగేదాకా వేపుతుందో, పులుపు ఎక్కడ ఆపుతుందో, దూది పింజ చూసినట్టు ముద్దముద్దకీ చూసి పట్టుకున్నాను.

ఆ టీవీ పోటీ చూసిన మర్నాడు భోజనాల దగ్గర మా ఆవిడకు సరదా పుట్టింది. ఈ ఏడు తనొక జాడీ, కోడలొక జాడీ పెట్టారు. నా కంచంలో చెరోవైపూ చెరొకటి వేసి, "చెప్పండి, నాదేదో. అమ్మాయి కూడా చూస్తుంది" అంది. కుడివైపుది ఆమె పాత రుచే, పులుపూ బెల్లమూ ఎక్కడివక్కడ ఉన్నాయి, కానీ అందులో మెంతులు పైపైనే వేగాయి, అది కోడలిది. ఎడమవైపుది నోట్లో పెట్టలేనంత ఉప్పు, వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ వేసినట్టుంది, అయినా ఆ మెంతుల నలుపు ఆమెదే. ఈసారి నాకు నిజంగా తెలుసు. కుడిదంటే ఆమె పచ్చడికి గౌరవం, కానీ ఆమె చెయ్యి నాకు తెలియనట్టే. ఎడమదంటే నిజం, కానీ కోడలి ముందు ఆ ఉప్పు ఆమెదని వేలెత్తి చూపినట్టే. కోడలు నా ముఖంలోకే చూస్తోంది, తనకూ తెలుసు.

ఎడమవైపు చూపించాను.

"చూశావా అమ్మాయ్!" అని మా ఆవిడ కోడలి భుజం చరిచి, ఆ పచ్చడే తన కంచంలోకి ఇంత వేసుకుని కలుపుకుంది. ఒక ముద్ద తిన్నది, రెండోది తిన్నది. ముఖంలో ఏ మార్పూ లేదు. ఉప్పు ఆమెకు తెలియడం లేదు. కోడలు పెరుగు గిన్నె మా ఇద్దరి మధ్యకు జరిపింది.

మా కాలంలో ఇంటికంతకూ ఒకే జాడీ, ఎవరి చెయ్యని అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాళ్ళూ లేరు. ఇప్పుడు ప్రతి ముద్దకూ మార్కులు వేస్తున్నారు, తప్పయితే పదిమందిలో నవ్వేసి హాయిగా ఇంటికి పోతున్నారు. ఆ నవ్వడమేదో మాకెవరూ నేర్పలేదు. ఏమీ తెలియని రోజున అంత సంతోషపెట్టినవాణ్ణి, అంతా తెలిసిన రోజున పెరుగన్నం మింగలేక కూర్చున్నాను. ఇందులో ఏది న్యాయమో, ఎక్కడ తప్పిందో ఆలోచించినకొద్దీ తేలడం లేదు. ఆ జాడీ ఇంకా నిండుగానే ఉంది, రోజూ ఇద్దరం అందులోంచే వేసుకుంటున్నాం.