షమీమ్ ఆపాకి చదివి వినిపించిన కోడ్

ఎక్కడైనా కుట్టుమిషన్ చప్పుడు వినబడితే నా గొంతు దానంతటదే పెరుగుతుంది. గదిలో కంప్యూటరూ నేనూ తప్ప ఎవరూ ఉండరు. అయినా తెర మీదున్న కోడ్‌ని పైకి చదవడం మొదలుపెడతాను. పక్కగదిలోంచి మా పిల్లలు నవ్వుతారు. ఈ పిచ్చి నాకు అనకాపల్లిలో షమీమ్ ఆపా అంటించింది.

ఆమె మా టీమ్‌కి పెద్ద, మా అందరికీ అక్క. ఆసుపత్రుల్లో మంచం పక్కన గుండె గీతలు చూపించే మానిటర్లకి మేం కెర్నెల్ డ్రైవర్ రాసేవాళ్లం. తెర ఎప్పుడు, ఏ వరసలో వెలగాలో చెప్పే ప్రోగ్రామ్ అది. మూడు రకాల తెరలకి ఒకటే కోడ్ మూడుసార్లు అతికించి ఉండేది. దాన్ని ఒకటిగా కుదించాలని ఆపా పంతం. అప్పటికే ఆమె చూపు పోతోంది, అక్షరాలు ఆనేవి కావు. ఈ ఒక్క పనీ తన చేతుల మీదుగా అయిపోవాలంది. అందుకని రోజూ పరవాడ నుంచి బస్సెక్కి, ఆమె భర్త టైలరింగ్ షాపు మీదున్న గదికి వెళ్లి, కింది మిషన్ల మోతని మించి చదివేవాణ్ణి.

"ఆగు. అక్కడ తడబడ్డావేటి?"

"పేరు పొడుగ్గా ఉంది ఆపా."

"పేరు కాదు, నీకు అర్థం కాలేదు. అందుకే నోరు తిరగలేదు. మార్చు."

ఇంత చదువూ చదివింది బళ్లో పిల్లాడిలా పాఠం అప్పజెప్పడానికా అని చిరాకేసేది. కానీ నెల తిరక్కుండానే మూడు పేజీలు ఒక పేజీ అయ్యాయి.

చివరి రోజు మూడు తెరలూ బల్ల మీద పెట్టి కలిపాను. రెండు వెంటనే వచ్చాయి. మూడోది, పాతది, ఒకసారి మెరిసి ఆరిపోయి, మళ్లీ వచ్చింది. కారణం నాకు తెలుసు. కరెంటు అందాక ఇరవై మిల్లీసెకన్లు ఆగమనే లైను ఒకటుండేది. దండగనుకుని ఆమెకి చెప్పకుండా తీసేశాను.

"వచ్చేయా తమ్ముడూ?" అంది ఆపా, నా గొంతు వినబడిన వైపు తిరిగి.

"మూడూ వచ్చేయి ఆపా."

ఆమె ముఖం విప్పారింది. భర్తని కేకేసి మిఠాయి తెప్పించింది. నా ముక్క జేబులో వేసుకుని బయల్దేరాను. సగం మెట్లు దిగినవాణ్ణి వెనక్కి వెళ్లాను.

"ఆపా, పాతది ఓసారి ఆరి వచ్చింది. ఆగమనే లైను నేనే తీసేసేను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"లైను తీసేసేవు, సరే, తిరిగి పెడదాం. నేను చూడలేనని తెలిసీ వచ్చేయన్నావు. దాన్నేటి చేద్దాం, చెప్పు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమే కుర్చీ తడిమి నా వైపు జరిపింది. ఆ లైను తిరిగి పెట్టి, అదెందుకు ఉండాలో పక్కన రాశాం. కింద, పరీక్షించినవారి చోట, నా పేరే రాయించింది. తెరలు చూసి చెప్పడానికి మరొకరిని పిలుస్తుందనుకున్నాను, పిలవలేదు.

ఇప్పుడు ఆపాకి వెలుతురు కూడా తెలియదు. కొత్త తెర కలిపిన ప్రతిసారీ ఫోన్ చేస్తాను. "ఏటి కనిపించింది?" అని అడుగుతుంది. ముందు ఆరిపోయినవి చెబుతాను.