బుడన్‌సాబ్ ఒంటికి నాలుగు హద్దులు

పెనుకొండ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందర, రేకుల పందిరి కింద కూర్చుని, నలభై ఏళ్లపాటు చుట్టుపక్కల ఊళ్ల ఆస్తులను పంచిపెట్టినవాడు బుడన్‌సాబ్. దస్తావేజులు రాయడం ఆయన వృత్తి. ఆయన రాసిన కాగితానికి కోర్టులో ఎదురు లేదని ప్రతీతి. ఆ ప్రతీతిని మొదట పుట్టించింది ఆయనే కావచ్చుగానీ, తర్వాత నిలబెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆయనకు రెండు గర్వాలు. ఒకటి సంతకం. దాని తోక కాగితం అంచుదాకా పోయి, అక్కడ కాస్త ఆలోచించి, వెనక్కి తిరిగి పేరు కింద పడుకునేది. వేలిముద్ర వేసేవాళ్లంటే ఆయనకు జాలి. వాళ్ల ఎడమ బొటనవేలు పట్టుకొని సిరా ప్యాడు మీద ఒత్తేటప్పుడు, పశువుకు మందు పోసేవాడి మొహం పెట్టేవాడు. రెండో గర్వం చదవడం. ‘చదివి వినిపించగా విని సమ్మతించి’ అని ప్రతి దస్తావేజు చివరా రాయాలి గనక, చదివి వినిపించేవాడు. ఆ వేగానికి అమ్మేవాడికీ కొనేవాడికీ తమ పేర్లు తప్ప ఇంకేమీ వినపడేవి కావు. ఇద్దరూ సమ్మతించేవాళ్లు.

1998లో ఆయన భార్య జాహెదాకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. కొడుకు కరీముల్లా ఆమెను బెంగళూరు తీసుకుపోయాడు. హిందూపురంలో స్కూటరు సామాన్ల అంగడి పెట్టుకున్న కరీముల్లాకు, ఏ పార్టు పోయినా దొరికే చోట దొరుకుతుందని నమ్మకం. బతకదని డాక్టర్లు మూడో దినమే చెప్పారు. అయినా పందొమ్మిది దినాలు ఆమె గొంతులో ఒక గొట్టం, ముక్కులో ఒక గొట్టం. లాగేసుకుంటుందని చేతులు మంచానికి కట్టారు. దినానికి పది నిమిషాలు లోపలికి రానిచ్చేవాళ్లు. ఆమె బుడన్‌సాబ్ చేతిలోని నీళ్ల సీసా వంక చూసేది. ఇవ్వకూడదన్నారు. ఇది ఆపమని అడిగే దారేదని అడిగితే, అట్లాంటి కాగితం ఏదీ లేదన్నారు.

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. వేరుశనగ చేలో గెనుం గట్టు మీద నడిచే దారికి సైతం కాగితం ఉన్న జిల్లాలో, మనిషి గొంతులోకి పోయే దారికి కాగితం లేదట.

మూడేళ్లు ఆలోచించి, 2001లో తానే రాశాడు. ఆయనకు తెలిసింది భూమి దస్తావేజు ఒక్కటే గనక, దాన్నీ అట్లాగే రాశాడు. షెడ్యూలు ఆస్తి: బుడన్‌సాబ్ అను నా శరీరము, స్వార్జితము. దానికి హద్దులు: తూర్పున, ముక్కులో గొట్టము. పడమర, గొంతులో గొట్టము. ఉత్తరమున, ఊపిరి ఆడించే యంత్రము. దక్షిణమున, హిందూపురం దాటి బెంగళూరు పోయే రోడ్డు. నేను ఇక కోలుకోనని వైద్యులు చెప్పిన మీదట ఈ హద్దులను ఎవరూ దాటరాదు. వీటి నడుమ నొప్పికి సూది, నా మంచము, అడిగినప్పుడు నీళ్లు, ఇవి నా హక్కుభుక్తములు. నాకు నోరు పడిపోతే నా తరఫున మాట్లాడే అధికారము నా కూతురు ఆరిఫాది.

సబ్ రిజిస్ట్రారు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“వీలునామా మనిషి పోయినాక పనిచేసేది. మీరేమో పోయేలోపలే పనిచేయమంటున్నారు. దీనికి చట్టంలో చోటు లేదు బుడన్‌సాబ్ గారూ.”

“చోటు లేకుంటే నిలబడి ఉంటాది లెండి సార్,” అని కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేశాడు.

ఆ శుక్రవారం ఇంట్లో కొడుకునూ కూతురునూ కూర్చోబెట్టాడు. కొడుకు ఒక సాక్షి, రెండో సాక్షిగా పాత కక్షిదారు రంగప్పను పిలిచాడు. కాగితం తీసి, జీవితంలో మొదటిసారి, ఒక్కొక్క మాట విడివిడిగా చదివాడు. చదవడం అయ్యేసరికి టీ రెండుసార్లు చల్లారింది.

“నా చేను అమ్మిన దినం ఇంత నిదానంగా చదివింటే, నేను అమ్మేవాణ్నే కాదు కదప్పా,” అని రంగప్ప సంతకం పెట్టాడు.

కరీముల్లా పెన్ను ముట్టలేదు. “జనం ఏమనుకుంటారు నాయనా? కొడుకు వైద్యం చేయించకుండా వదిలేసినాడంటారు.”

“అనేవాళ్లను పిల్చుకొని రా రా. వాళ్లతో కూడా సంతకం పెట్టిస్తా.”

రిజిస్టరు కాని కాగితం ఎంతదూరం పోతుందిలే అనుకొని కరీముల్లా సంతకం పెట్టాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆరిఫా దాన్ని చీరల అట్టపెట్టెలో దాచింది.

2004లో ఒక పొద్దున, పందిరి కింద సంతకం చేస్తుండగా, సదరు సంతకం తోక కాగితం దాటి బల్ల మీదికి పోయింది. బుడన్‌సాబ్ పక్కకు ఒరిగిపోయాడు. హిందూపురం నర్సింగ్ హోంలో చేర్చారు. కుడిచెయ్యి పోయింది. నోరు పోయింది. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. అందువల్ల తన తల దగ్గర జరిగిన విచారణ మొత్తం ఆయన విన్నాడు.

తలలో చాలా నెత్తురు పారిందనీ, కోలుకునే ఆశ లేదనీ డాక్టరు అన్నాడు. బెంగళూరులో మిషను మీద పెడితే కొన్ని దినాలు లాగవచ్చునట. అందుకు కరీముల్లా పిలిపించిన వ్యాను బయట నిలబడి ఉంది. అప్పుడే ఆరిఫా ధర్మవరం నుంచి అట్టపెట్టెతో దిగింది.

“అది చెల్లదు,” అన్నాడు కరీముల్లా. “రిజిస్టరు కాలేదు.”

“నీ సంతకం ఉండాది కదన్నా.”

డాక్టరు కాగితం చూసి, ఇది ఎప్పటిదో, పేషెంటు మనసు ఇప్పుడెట్లుందో తనకెట్లా తెలుస్తుందన్నాడు.

మంచం మీద ధబ్‌మని చప్పుడైంది. బుడన్‌సాబ్ ఎడమచేత్తో కొట్టాడు. ఆ చెయ్యి ఎత్తి, బొటనవేలు చాపాడు.

ఆయన దగ్గర పెరిగినవాళ్లకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు. ఆరిఫా రసీదుల కౌంటరుకు పోయి సిరా ప్యాడు తెచ్చింది. ఆమె ప్యాడు ముందు పెడితే బుడన్‌సాబ్ తల అడ్డంగా ఊపి, చెయ్యిని కరీముల్లా వైపు చాపాడు. వేలు పట్టుకోవలసింది వాడట.

ఆరిఫా ఒక్కొక్క హద్దూ చదివింది. ఒక్కొక్క హద్దుకూ కరీముల్లా తండ్రి వేలు పట్టి ఒత్తాడు. తూర్పు, పడమర, ఉత్తరం. దక్షిణం దగ్గర కరీముల్లా చెయ్యి ఆగింది. బుడన్‌సాబ్ తానే ఒత్తాడు. కొడుకు మొహం చూశాడు. పశువుకు మందు పోసేవాడి మొహం కాదది.

డాక్టరు ఇంకో కాగితం తెచ్చాడు, సలహాకు విరుద్ధంగా ఇంటికి తీసుకుపోతున్నామని రాసిచ్చేది. కరీముల్లా కళ్లు తుడుచుకొని దాన్ని గబగబా చదివి పెన్ను తీశాడు. మంచం మళ్లీ ధబ్‌మంది.

కరీముల్లా మొదటి నుంచి, నిదానంగా చదివాడు. బుడన్‌సాబ్ విని, సమ్మతించి, ఐదో ముద్ర వేశాడు.

వ్యాను ఉత్తరానికి తిరిగింది. పెనుకొండలో, తన మంచం మీద, ఆయన పదకొండు దినాలు ఉన్నాడు. నీళ్లు కావలసినప్పుడల్లా మంచం మీద కొట్టేవాడు. తడిగుడ్డ పెదాలకు అద్దే పని కరీముల్లా ఎవరికీ ఇవ్వలేదు.