ఇటలీ తాత మందు

ఆ రోజుల్లో నాచారంలో బస్సు దిగగానే బిస్కెట్ వాసన వచ్చేది. కడుపు నిండా తిని వచ్చినవాళ్ళకి కూడా ఆకలేసేది. ఆ వాసన పుట్టే ఫ్యాక్టరీలోనే నేను డిగ్రీ అవగానే నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాను. (నాణ్యత చూడటమంటే రోజంతా బిస్కెట్లు కొరికి కాగితం మీద టిక్కులు పెట్టడం. లోకంలో ఇంతకన్నా గొప్ప ఉద్యోగం లేదనుకున్నాను. కొన్నాళ్ళకి బిస్కెట్ అన్న మాట వింటేనే ముఖం తిప్పుకునేదాన్ని.) ఉండటం ఉప్పల్లో మా మేనత్త ఇంట్లో. మామయ్య పోయాడు, పిల్లలు లేరు. ఆ ఇంట్లో అత్తమ్మ, ఆమె దగ్గు, నేను, అంతే.

ఆ వానాకాలం పొట్లాలు కట్టే కొత్త యంత్రం ఇటలీ నుంచి వచ్చింది. దాన్ని బిగించడానికి ఒక పెద్దాయన కూడా వచ్చాడు. తెల్ల జుట్టు, ఎర్ర ముక్కు. పనివాళ్ళు ఇటలీ తాత అని పేరు పెడితే ఆయనా హాయిగా దానికే పలికేవాడు. ఇంగ్లీషు ఆయనకీ అంతంతమాత్రం, నాకూ అంతంతమాత్రం. అందుకే మా ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది. ఒకరోజు భోజనాల వేళ ఆయన స్వెట్టర్‌లో చుట్టిన సీసా ఒకటి తీశాడు. చీటీ మీద కొండ, కొండ మీద రాతి బురుజు, దాని కింద ద్రాక్ష తోట బొమ్మ. మన గోల్కొండ కోటకి రాళ్ళెత్తకముందు నుంచీ ఆ తోట ఒకటే కుటుంబం చేతిలో ఉందట. ఆ బురుజు నీడలోని కూలీల ఇళ్ళలోనే తాత పుట్టాడు. వాళ్ళమ్మ ఆ తోటలో ద్రాక్షలు కోసి కోసి ముసలిదై కన్నుమూసింది. "ఈ ఎర్ర వైన్‌లో మా అమ్మ చేతులున్నాయి" అన్నాడు, తన చేతులు నాకు చూపిస్తూ.

చిక్కేమిటంటే, ఆయన్ని ఉంచిన గెస్ట్‌హౌస్ యజమాని పరమ నిష్ఠాపరుడు. ఉల్లిపాయకే దిక్కులేని ఇంట్లో వైనా! అందుకని తాత ఆ సీసాని దాచిపెట్టమని నాకిచ్చాడు. "యంత్రం నడిచిన రోజు కలిసి తాగుదాం. ఒక్కడినే తాగితే ఏడుపొస్తుంది" అన్నాడు. ఆ రాతి బురుజు నా కళ్ళలో నిలిచిపోయింది. టిఫిన్ బుట్టలో సీసా, దాని మీద చున్నీ కప్పి ఉప్పల్ బస్సులో నిలబడి, ఎప్పటికైనా అక్కడికి వెళ్ళి తీరతానని ఒట్టేసుకున్నాను. (ఆ వయసులో ఒట్లకేం కొదవ!)

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తమ్మ పట్టేసింది. "ఏందే గా సీస?"

అబద్ధం చెప్పలేను, నిజం చెప్పాలంటే భయం. "మందు అత్తమ్మా" అన్నాను లోగొంతుకతో.

"ఎవలిది?"

"ఇటలీ తాతది. ద్రాక్షలతో చేసింది."

"మంచిగ పైన పెట్టు మరి, పగిలిపోతది" అందామె శాంతంగా. మా అత్తమ్మ ఇంత ఆధునికురాలా అని పొంగిపోయాను.

యంత్రం మొరాయించి మొరాయించి, చివరికి ఒక సాయంత్రం టకటకా పొట్లాలు కట్టేసింది. తాత నా భుజం తట్టి, "రేపు" అన్నాడు. ఎల్లుండి ఆయన విమానం. ఇంటికి పరుగెత్తుకొచ్చి చూస్తే అటక మీద సీసా లేదు. వంటింట్లో గట్టు మీద ఉంది, ఖాళీగా. పక్కనే పప్పుగుత్తి. దాని కాడతో పొడిచిన బిరడా సీసా అడుగున పడి ఉంది.

"మస్తు పన్జేసిందే పిల్లా!" అత్తమ్మ ముఖం వెలిగిపోతోంది. "ఉత్తగ తాగితె వగరుండె. లవంగాలు, దాల్చినచెక్క, ఇంత బెల్లమేసి కాగవెట్టిన. దగ్గు జాడనే లేదు. పక్కింటామెకు గూడ ఇచ్చిన. నిద్రవట్టక సస్తుండె పాపం, ఇప్పుడు గుర్రువెట్టి పండుకుంటున్నది."

"అత్తమ్మా, అది మందు!"

"నువ్వే గద చెప్పినవ్ మందని!"

"ఆ మందు కాదు, తాగే మందు!"

"తాగే మందు గాకుంటె పూసే మందా?"

"వైన్స్ షాపులో అమ్మే మందు అత్తమ్మా!"

అత్తమ్మ పీట మీద కూలబడింది. "ఓరి దేవుడా, నేను మందు తాగిన్నా?" అంతలోనే గొంతు తగ్గించి, "పక్కింటామెకు జెప్పకు" అంది. అప్పటికి నేను ఏడుస్తున్నాను. ఆ ముసలాయన సముద్రాలు దాటించి తెచ్చుకున్న అమ్మ జ్ఞాపకం ఇది. ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? మిగిలింది ఒక చెంబుడు కషాయం.

"ఏడువకు. ఇంటికి తీస్కరా, నేనే జెప్త" అంది అత్తమ్మ.

మర్నాడు తాత మా ఇంటికొచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జరిగింది చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు. అత్తమ్మే చెంబు వేడిచేసి, స్టీలు గ్లాసులో పోసి ఆయన చేతిలో పెట్టి, చెంపలు వేసుకుంది. తాత గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఆగిపోయాడు. ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. చలికాలం తోటలో కొమ్మలు కత్తిరించి ఇంటికొచ్చాక, దొరలు ఇచ్చిన అడుగుబొడుగు వైన్‌లో వాళ్ళమ్మ లవంగాలు, దాల్చినచెక్క, చక్కెర వేసి కాచేదట. ఆమె పోయాక మళ్ళీ ఇది తన నోట పడలేదట. "నారింజ తొక్క ఒక్కటే తక్కువ" అన్నాడు, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే.

నేను తెలుగులో చెప్పగానే, "సంత్రా తొక్కనా? ముందుగాల జెప్పొద్దా!" అంది అత్తమ్మ. ఇద్దరూ చెంబు ఖాళీ చేశారు. (మందు తాగానని పీట మీద కూలబడ్డావిడే!)

ఆయన వెళ్ళిపోయాడు. నా ఒట్టు సంగతి అత్తమ్మకి చెప్పాను. "గా సీస మీది గడీకి ఎన్నడు తీస్కవోతవే?" అని అత్తమ్మ దగ్గినప్పుడల్లా అడిగేది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనేదాన్ని. అలా అంటుండగానే ఆమె వెళ్ళిపోయింది.

తెలంగాణ వచ్చిన ఏడాది, వానల్లో, తార్నాకలో ఒక పెద్ద దుకాణంలో ఆ కొండ, ఆ బురుజు మళ్ళీ కనబడ్డాయి. కొన్నాను. కొంచెం చల్లబరిచి తాగాలని దుకాణంలోని అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పాడు. సరేనని తలూపి ఇంటికొచ్చి, పప్పుగుత్తి కాడతో బిరడా లోపలికి పొడిచి, లవంగాలు, బెల్లం, ఈసారి మరిచిపోకుండా సంత్రా తొక్క వేసి పొయ్యి మీద పెట్టాను. ఇల్లంతా వాసన కమ్మింది.

"ఏంటది?" అని మా ఆయన వంటింట్లోకి తొంగిచూశాడు.

"మందు" అన్నాను.

"ఏ జబ్బుకి?"

చెబుదామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఇంకేదో వచ్చింది. స్టీలు గ్లాసు ఆయన చేతిలో పెట్టి, "ముందు తాగండి" అన్నాను.