నా సూర్యుడు, నా సెట్ దోస

డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చినవాళ్లకి అప్పట్లో ఉద్యోగం చేసే వీల్లేదు. మా ఆయన రెడ్‌మండ్‌లో ఆఫీసుకి పోతే, బాతెల్‌లోని అపార్ట్‌మెంట్లో పొద్దస్తమానం నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. అందుకే లైబ్రరీలో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే క్లాసులో చేరాను. రిటైరైన ఒక టీచరమ్మ వారానికో ఇంగ్లిష్ పదం ఇచ్చేది. మరుసటి వారం దాంతో తలా ఒక వాక్యం చెప్పాలి. ఒకరు చెప్పిన అర్థం ఇంకొకరు చెప్పకూడదు.

చదవడం, రాయడం నాకు బాగానే వచ్చు. నోరు తెరవాలంటేనే చచ్చేంత భయం. వెళ్లిన ప్రతిసారీ నవ్వి ఊరుకుని వచ్చేసేదాన్ని. "ఈసారి కూడా మాట్లాడకపోతే ఇక మానేస్తానండీ," అని మా ఆయనతో తెగేసి చెప్పాను.

ఆ వారం మాట 'సెట్'. చిన్న మాటే కదా అని డిక్షనరీ తెరిస్తే, దీని దుంప తెగ, అర్థాలు ఎంతకీ అయిపోవే! గిన్నెల సెట్, అలారం పెట్టడం, బల్ల మీద కంచాలు సర్దడం, జెల్లీ గట్టిపడటం... చివరికి సూర్యుడు అస్తమించడం ఎంచుకుని, కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వారమంతా వల్లించాను.

క్లాసు రోజు భయంకొద్దీ చివరి కుర్చీలో కూర్చున్నాను. అదే నా కొంప ముంచింది. నా పక్కనున్న కొరియా తాతగారు లేచి, తాపీగా సూర్యుణ్ణి అస్తమింపజేసి కూర్చున్నారు. ఒళ్లు మండిపోయింది. వారమంతా నేను మోసిన సూర్యుడది!

టీచరమ్మ నావైపు తిరిగింది. ఏ దేవుడు పలికించాడో, "సెట్ దోస!" అనేశాను.

"వాట్ ఈజ్ దట్?"

"త్రీ దోసా, వన్ ప్లేట్! స్మాల్, సాఫ్ట్, లైక్ పిల్లో!"

ఇంక ఆగలేదు. గాల్లోనే పిండి పోశాను, మూత పెట్టాను, తిరగెయ్యకూడదని చెప్పాను. గ్రామర్ గంగలో కలిసింది. తాతగారు చట్నీ దేంతో చేస్తారని అడిగితే అదీ చెప్పాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

ప్రతివారం క్లాసు అవగానే అందరికన్నా ముందు పరుగున వెళ్లి, బయట ఆగి ఉన్న మా ఆయన కారెక్కేదాన్ని. ఆ రోజు ఆయనే గొడుగేసుకుని లోపలికి వెతుక్కుంటూ వచ్చారు.

"ఏమైందే? క్లాసు అయిపోలేదా?"

"ఆగండీ, మాట్లాడుతున్నాను కదా!"

ఆయన గొడుగు ముడిచి, వెళ్లి నా చివరి కుర్చీలో కూర్చున్నారు. నేను మళ్లీ చట్నీ దగ్గరికొచ్చాను.