ఎర్రోళ్ళ ఇళ్ళు

నిన్న నర్సీపట్నం ఇంట్లో అటక సర్దుతుంటే పాత వీడియో గేమ్ క్యాసెట్ దొరికింది. ఉఫ్‌మని ఊది పెట్టేవాళ్ళం, గుర్తుందా?

చిన్నప్పుడు ఒక వేసవి సెలవులంతా చెల్లీ నేనూ నీలం సైన్యంగా ఆడి, ఎర్ర రాక్షసుల ఊళ్ళు తగలబెట్టాం. చివరికి గెలిస్తే, ఎర్రవాళ్ళ వైపు నుంచి ఆడే ఆట మొదలైంది. మొదటి బొమ్మలోనే కాలిన ఇళ్ళు, వాటి ముందు ఏడుస్తున్న పిల్లలు.

"అక్కా, రాక్షసులకి పిల్లలుంటారేటి?" అంది చెల్లి.

దాని ముఖం చూడలేకపోయాను. "ఇప్పుడు మనం ఎర్రోళ్ళం కదా. ఆ నీలం సైన్యాన్ని సంపేద్దాం, బేగి నొక్కు," అన్నాను.

"ఆళ్ళు నిన్నటి మనమే కదక్కా," అని రిమోట్ కింద పెట్టేసింది.

నాకూ చెయ్యి రాలేదు. మా సైనికులే కాగడాలతో మిగిలిన ఇళ్ళ మీదికి వస్తుంటే సిగ్గుతో తల దించుకున్నాను.

పెరట్లో జీడిపిక్కలు కాలుస్తున్న అమ్మ, "ఏటే, గెలిసేరా?" అని కేకేసింది.