జోలపాటలో దుప్పి

పెద్దమ్మ చివరగా చేసిన పని, గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, కొట్లోని బొమ్మకు తొడిగిన పావడా అంచు మడవడం. భాషా దినోత్సవంలో బడిపిల్లల జానపద నృత్యానికి కుట్టిన వాటిలో అదొక్కటే మిగిలింది.

"టీ పెట్టనా పెద్దమ్మా?" అన్నాను. పలకలేదు. నోట్లో సూదులుంటే ఆవిడ ఎవరికీ పలకదు. టీ పెట్టుకుని వచ్చాను. పీట మీద గోడకు ఆనుకుని ఉంది. సూదులు అలాగే ఉన్నాయి. గ్లాసు పక్కన పెట్టి, చల్లారిపోతోందని చెప్పాను. మళ్ళీ చెప్పాను.

పోయిన మనిషితో టీ చల్లారిపోతోందన్నాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మర్నాడే సెలవు, సభ. ఊళ్ళో స్టేజీ ఎక్కినవాళ్ళందరి ఒంటి మీదా ఆవిడ కుట్టే. ఆవిడ మాత్రం ఎప్పుడూ తెర వెనకే. మొదటిసారి తెర ముందుకు రావాల్సింది. మిషను తొక్కుతూ తనలో తను పాడుకునే జోలపాటను, పిల్లల కొలతలకు వచ్చిన టీచరమ్మ విని, ఇంత పాత పాట సభలో వినిపించి తీరాలంది. ఆ రాత్రే పెద్దమ్మ తనకో కొత్త జాకెట్టు కత్తిరించుకుంది.

తర్వాత ఒక్క మాట దగ్గర పేచీ వచ్చింది.

"'దుప్పి వచ్చె, దుప్పి వచ్చె, కళ్ళు మూసుకో' ఏమిటండీ? దుప్పిని చూస్తే పిల్లలు కళ్ళు ఇంతింత చేసుకుంటారు గానీ మూస్తారా? 'రాత్రి వచ్చె' అనండి, సరిపోతుంది."

"సరిపోదమ్మా, చంకల్లో పట్టేస్తుంది," అంది పెద్దమ్మ.

"వేళాకోళం కాదు. పెద్దవాళ్ళొస్తారు. మార్చకపోతే మీ పాట తీసేయాల్సి వస్తుంది."

టీచరమ్మ వెళ్ళాక అడిగాను. "అసలా దుప్పి ఎక్కడిది పెద్దమ్మా?"

"మనింట్లోదే. గుండీలు కుట్టు."

"మరి ఏమని పాడతావు?"

"విందువుగాని."

వినలేదు. సభ జరిగింది. అంచు మడవని పావడాతోనే ఒక పిల్ల ఆడిందట. నేను వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు మైకు సెట్టు అతను పరామర్శకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి మెల్లగా చెప్పాడు.

"పోయే ముందురోజు సాయంత్రం హాలుకొచ్చారండి, పావడాలు ఇవ్వడానికి. మైకు ఎలా పట్టుకోవాలో చూపించమన్నారు. పాటంతా పాడారు."

"ఏమని పాడింది?"

"దుప్పి అనే. సభలోనూ ఇలాగే పాడతాను, తీసేస్తే తీసేసుకోనీ అన్నారు."

"రికార్డు చేశావా?"

"టెస్టింగే కదా అనుకున్నానండి. ఈ దుప్పి ఏంటమ్మా అంటే నవ్వారు. అంత పాత పాటేం కాదట, ఆవిడే కట్టారట. చిన్నప్పుడు మీకు 'దుప్పటి' అనడం వచ్చేది కాదటగా."