కళ్లజోళ్ల షాపుకి కొత్త అక్షరాలు

టైర్ల షాపు మీది గదిలో డిజైన్లు చేసే ఆయన్ని అందరూ గుణింతం అంటారు. ముందు ఏ కాగితం పెట్టినా అందులో ఏముందో చదవడు. అక్షరాల పొట్టలు, తోకలు, తలకట్లు చూస్తాడు. తను చేసిన పెళ్లికార్డులో పెళ్లికొడుకు పేరేమిటంటే చెప్పలేడు. ఆ పేరులో సున్నా కాస్త కిందికి జారిందని మాత్రం చెబుతాడు.

ఏళ్ల తరబడి ఆయన చేతుల మీదుగా వెళ్లిన బోర్డులన్నిటికీ ఒకే రకం అక్షరాలు. లావుగా, నున్నగా, బాగా తిని పడుకున్నట్టుంటాయి. బట్టల షాపుకీ అవే, పళ్ల డాక్టరుకీ అవే, పోయినవాళ్ల ఫొటోల కిందా అవే. డిజైన్ల షాపు ఓనరుకి అవంటేనే ఇష్టం. ఓనరు వయసులో గుణింతం కన్నా చాలా చిన్న, మాటలో మాత్రం పెద్ద.

అన్నం డబ్బా మూశాక మిగిలిన కాసేపూ గుణింతం నెట్‌లో వెతికేవాడు. ఎవరో ఎక్కడో కూర్చుని గీసి, అక్కడ పెట్టి, మర్చిపోయిన అక్షరాల ఫాంట్ల కోసం. దొరికినవి చాలావరకు ప్రాణం తోడేసేవే. పైకి ముచ్చటగా ఉంటాయి, వత్తు కొడితే దాని బదులు ఖాళీ డబ్బా బొమ్మ వస్తుంది. ఇంకోదాంట్లో దీర్ఘం వెళ్లి పక్క అక్షరం నెత్తినెక్కుతుంది. కళ్లు మండేవి, చూపు ఏటికేడు తగ్గుతోంది. మూసుకుని, తెరిచి, మళ్లీ వెతికేవాడు.

దొరికిన ప్రతిదాన్నీ ఒకే మాట కొట్టి చూసేవాడు: మళ్లీ పాలు మర్చిపోయారా? వాళ్లావిడ సాయంత్రం తలుపు తీస్తూ అనే మాట అది. ఆలోచించే పని లేకుండా వేళ్లకి వచ్చేస్తుంది. వత్తులూ దీర్ఘాలూ కూడా ఉన్నాయి కాబట్టి అక్షరాల బండారం బయటపడుతుంది.

ఆ మాట కొట్టినప్పుడే ఒకరోజు ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చేసినవాళ్ల పేరు లేదు. కింద ఎవరో ‘థాంక్స్’ అని రాసిపోయారు, అంతే. అక్షరాలు సన్నగా ఉన్నాయి కానీ బక్కచిక్కి లేవు. తలకట్టు విరిచిన అగ్గిపుల్లలా టక్కున నిలబడింది. పొట్టల్లో బోలెడు ఖాళీ, గాలి ఆడుతున్నట్టు. ఒక్క వత్తూ తప్పలేదు.

అప్పుడే కళ్లజోళ్ల షాపు బోర్డు పని వచ్చింది.

“ఇవేం అక్షరాలు గుణింతంగారూ, వీటికి తిండి పెట్టలేదా?” అన్నాడు ఓనరు.

“దూరం నుంచి చదవొచ్చు సార్. ఆ షాపుకొచ్చేదే చూపు ఆననివాళ్లు.”

ఓనరు ఆయన మొహం చూశాడు. జాలిపడ్డాడో, విసిగిపోయాడో. “సరే, ఈ ఒక్కటీ మీ ఇష్టం. తేడా కొట్టిందంటే మాత్రం ఈ వెతుకులాటలు ఇక నా కంప్యూటర్లో వద్దు. పాతవాటితోనే బతుకుదాం.”

గుణింతానికి అది చాలు. ఎన్నో బోర్డులు చేశాడు, తను ఎంచుకున్న అక్షరం ఒక్కటీ రోడ్డు మీద లేదు. చూపు పూర్తిగా పోయేలోపు ఒక్కటి చూసుకోవాలి, అంతే.

పసుపు రంగు మీద కళ్లజోడు బొమ్మ, కింద అలవాటు ప్రకారం పాల మాట, బోర్డు సైజులోనే పెట్టి చూసుకున్నాడు. తర్వాత షాపు పేరుతో అసలుది చేశాడు. మొదటిదాని పేరు ‘ఫైనల్’, రెండోదాని పేరు ‘ఫైనల్ కొత్తది’. ఈ పనిలో ఉన్నవాళ్లెవరికీ మొదటి ఫైనల్ ఫైనల్ కాదు. ఆ సాయంత్రం కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే, తుడుచుకుంటూ ఫ్లెక్సు మిషనుకి ఒకటి పంపి ఇంటికెళ్లాడు.

పొద్దున్నే ఫోను. కళ్లజోళ్ల షాపాయన.

“ఏమండీ, నాది పాల బూత్ అనుకున్నారా?”

గుణింతం వెళ్లేసరికి షాపు ముందు జనం. తలెత్తితే, కళ్లజోడు బొమ్మ కింద, మూరెడేసి అక్షరాలతో: మళ్లీ పాలు మర్చిపోయారా?

“రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డ ముసలావిడ కూడా చదివి నవ్వుతోందండీ!”

“చదవగలిగిందా?” అన్నాడు గుణింతం. నోరు జారింది.

“చదివింది కాబట్టే కదా నా పరువు పోయింది!”

మిషను ఆపరేటరుకి ఫోన్ చేస్తే వాడు ఆవలించాడు. “అన్నా, మేం సైజు చూస్తాం, రంగు చూస్తాం. చదువుతూ కూర్చుంటే పనయ్యేదెప్పుడు?”

మధ్యాహ్నానికల్లా లావు అక్షరాల బోర్డు ఎక్కింది. ఓనరు అరవలేదు. అరిచినా బాగుండేది. “తీసేయండి” అన్నాడు, కంప్యూటరు వైపు చూపించి. గుణింతం తన చేత్తోనే ఒక్కొక్కటీ తీసేశాడు. ఏళ్ల వెతుకులాట, టీ చల్లారేలోపు అయిపోయింది.

ఆ ఫ్లెక్సు చుట్టి ఇంటికి తెచ్చాడు. వాళ్లావిడ విప్పి చూసింది.

“ఇది నా మాట కదా?”

“నీ మాటే.”

“ఊరంతా చదివారా?”

“చదివారట.”

“మీరొక్కరే మిగిలారన్నమాట. ఇవాళైనా తెచ్చారా?”

తేలేదు.

మర్నాడు ఆవిడ దాన్ని బాల్కనీకి ఎండ పడకుండా కట్టేసింది. వెనక తెల్లటి వైపు లోపలికి, అక్షరాల వైపు వీధికి. అలా అయితే గదిలో వెలుతురుంటుందని.

సాయంత్రం గుణింతం బస్సు దిగి, ఖాళీ డబ్బా చేత్తో, కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. కళ్లు మండుతున్నాయని కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వీధి మలుపు దగ్గర ఎదురుగా మనుషులు మసక, స్కూటర్లు మసక. బాల్కనీ మీది మాట మాత్రం ఒక్కో అక్షరం విడివిడిగా కనబడింది.

అక్కడే ఆగి చాలాసేపు చూశాడు. ‘ర్చి’ పక్కన ఇంకాస్త ఖాళీ ఇవ్వాల్సింది అనుకున్నాడు.

తర్వాత వెనక్కి తిరిగి పాల షాపు వైపు నడిచాడు.